తువ్వాలుతో మొదలైన లిస్బన్

విమానాశ్రయంలో సామాన్ల బెల్టు మీద ఎవరిదో పసిపిల్లల తోపుడుబండి ఒక్కటే మిగిలింది. అది నాలుగోసారి నా ముందు నుంచి వెళ్ళాక అర్థమైంది, నా పెద్ద సూట్‌కేసు రాలేదని. ఇంటి గడప దాటి అప్పటికి ఇరవై మూడు గంటలు. మధ్యలో విమానం మారిన చోట ఐదు గంటలు కుర్చీలోనే గడిపాను. కళ్ళు మండుతున్నాయి. పాదాలు వాచి బూట్లలో బిగుసుకుపోయాయి. కౌంటర్‌లో అమ్మాయి పెట్టె రంగు, సైజు రాసుకుని ఒక నంబరు చేతికిచ్చింది. రెండు మూడు రోజుల్లో ఇంటికే పంపుతామంది. సరేనన్నాను. గొడవ పడాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి.

అది 2023 అక్టోబరు 1, ఆదివారం. ఆఫీసు పని మీద పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో పది వారాలు ఉండాలి. నాది యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా, ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. అందుకని డెబ్బై రోజులకు లెక్క కట్టుకుని బయల్దేరాను. అంతకుముందు విదేశాలకు వెళ్ళింది రెండుసార్లే, రెండూ వారం రోజుల ప్రయాణాలు. వారానికి వెళ్ళినప్పుడు అలసటను పట్టించుకోం, దిగిన గంటకే చూడాల్సినవాటి జాబితా పట్టుకుని రోడ్డు మీద పడతాం. ఎక్కువ రోజులు ఉండడానికి వెళ్తే వేరు. పాలు ఎక్కడ దొరుకుతాయి, బట్టలు ఎలా ఉతుక్కోవాలి, ఒంట్లో బాగోలేకపోతే ఎవరికి చెప్పాలి అన్న ఆలోచనలు విమానంలోనే మొదలవుతాయి. అవి కూడా ఒక బరువే.

విమానాశ్రయం లోపలి నుంచే మెట్రో ఉంది, ఎర్ర లైను. 2012లో ఇక్కడిదాకా పొడిగించారట. అలమెదాలో పచ్చ లైనుకు మారి, మార్తిం మొనీజ్ స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి నేను ఉండబోయే ఇల్లున్న గ్రాసా కొండపైకి వెళ్ళాలి. 28వ నంబరు ట్రామ్ వెళ్తుంది. అవి 1930ల నాటి చిన్న పసుప్పచ్చ బండ్లు, టూరిస్టులకు మహా మోజు. స్టాపులో వంద మందికి తక్కువ లేరు. నిలబడలేక నడక మొదలుపెట్టాను.

లిస్బన్ పేవ్‌మెంట్ల గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. సిమెంటు పలకలు కావవి. గుప్పిట్లో పట్టేంత తెల్ల సున్నపురాయి ముక్కలు, ఒక్కొక్కటీ చేత్తో పేర్చి కొట్టినవి. పెద్ద వీధుల్లో, కూడళ్ళలో వాటి మధ్య నల్లరాయితో ముగ్గుల్లాంటి అల్లికలు కూడా ఉంటాయి. జనం నడిచీ నడిచీ అవి నున్నగా తేలాయి. వాటి మీద చిన్న పెట్టె చక్రాలు టకటకలాడుతుంటే వీధి వీధంతా నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. రాళ్ళ సందుల్లో చక్రం ఇరుక్కున్నప్పుడల్లా ఆగి, లాగి, మళ్ళీ ఎక్కడం. గోడల మీద పిచ్చిగీతలు, పెచ్చులూడిన టైల్స్, కిటికీల కింద ఆరేసిన దుప్పట్లు. ఇదేం ఊరు, ఇక్కడ పది వారాలా అనుకున్నాను. అనవసరంగా ఒప్పుకున్నానని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వారం తర్వాత అదే వీధిలో అవే టైల్స్ ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నాను. ఆ రోజు మాత్రం వాటిలో పెచ్చులే కనిపించాయి.

అడ్రసులో ఇంటి నంబరు తర్వాత 3 అనీ, పక్కన 'ఎష్క్' అనీ ఉంది. 'ఎష్కెర్దు' అనే మాటకు పొడి అక్షరాలవి, ఎడమ వైపు అని అర్థం. అంటే మూడో అంతస్తులో ఎడమ చేతి వైపు ఇల్లు. లిఫ్టు లేదు. చెక్క మెట్లు, మధ్యలో అరిగి పల్లం పడ్డాయి. లైటు స్విచ్ నొక్కితే కాసేపు వెలిగి దానంతటదే ఆరిపోతుంది. రెండో అంతస్తు దాటగానే చీకటి పడింది. గోడ తడుముకుంటూ నిలబడ్డాను.

కింద తలుపు తీసిన చప్పుడైంది. ఇంటి యజమానురాలు గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉంటారు, డెబ్బై దాటిన మనిషి. లైటు వేసి, నా వెనకే మెల్లగా పైకి వచ్చి తలుపు తీశారు. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. నా ఫోన్ చచ్చిపోయింది, అడాప్టర్ రాని పెట్టెలో ఉంది, నా ఛార్జర్ మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి రెండు గుండ్రటి కన్నాల్లో దూరదు. అనువాదం చేసే యాప్ కూడా లేకుండా ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. పెట్టె రాలేదని చేతులతో చెప్పాను. మొహం కడుక్కున్నట్టు, తుడుచుకున్నట్టు సైగ చేశాను.

"తువాల్యా?" అన్నారు ఆవిడ.

సరిగ్గా విన్నానో లేదో తెలియలేదు. మళ్ళీ సైగ చేశాను. ఆవిడ గోడ పక్కనున్న చెక్క బీరువా చూపించి "అర్మారియు" అంటూ తలుపు తెరిచారు. లోపల మడతలు పెట్టిన తెల్లటి పెద్ద తువ్వాలు. దాన్ని తీసి నా చేతుల్లో పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు విడదీసి పలికారు, "తు-వాల్-యా."

తువ్వాలు. అల్మారా. నేను ఒళ్ళు తెలియని నిద్రమత్తులో ఉన్నాను, అయినా వెన్నులో జిల్లుమంది.

తర్వాత వంటగదిలో గోడకున్న గ్యాస్ గీజర్ దగ్గరికి తీసుకెళ్ళారు. నొక్కాల్సిన చోట వేలు పెట్టి "బుతావ్" అన్నారు. నేను తెల్లమొహం వేశాను. ఆవిడ తన స్వెట్టర్ మీది బొత్తాం పట్టుకుని కదిపి, "బుతావ్" అని, మళ్ళీ గీజర్ మీద వేలు పెట్టి "బుతావ్" అన్నారు. వాళ్ళకు చొక్కా గుండీకీ మిషన్ మీటకీ ఒకటే మాట. ఆ స్వెట్టర్ బొత్తాం ఒకటి పగిలి, వేరే రంగు దారంతో కుట్టి ఉంది. అది ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. వెళ్తూ వెళ్తూ నా చెంప నిమిరి "ఫిల్యా" అన్నారు. అమ్మాయీ అనే అర్థమని తర్వాత తెలిసింది.

స్నానం చేసేసరికి సాయంత్రం ఆరు. ఇండియాలో రాత్రి పదిన్నర. మంచం పిలుస్తోంది, కానీ అప్పుడు పడుకుంటే అర్ధరాత్రి లేచి కూర్చోవాలి. పడమర దిక్కుకు ప్రయాణం చేసినప్పుడు సాయంత్రపు వెలుతురు ఎంత ఎక్కువ కంట్లో పడితే ఒంటి గడియారం అంత త్వరగా వెనక్కి జరుగుతుంది. అది తెలుసు కాబట్టి బలవంతాన బయటికి నడిచాను. ఐదు నిమిషాల్లో గ్రాసా చర్చి ముందున్న మిరదోరు వచ్చింది. కొండ అంచున ఊరంతా కనబడేలా కట్టిన చోట్లను మిరదోరు అంటారు, ఈ ఊళ్ళో అలాంటివి చాలా ఉన్నాయి. ఇది కవయిత్రి సోఫియా ద మెల్లో బ్రేనర్ ఆండ్రెసెన్ పేరు మీద ఉంది. పైన్ చెట్ల కింద జనం ఊరికే కూర్చుని ఉన్నారు. ఎదురుగా కోట, కింద ఎర్ర పెంకుటిళ్ళు, దూరంగా తేజో నది, దాని మీద 1966లో తెరిచిన ఎర్ర వంతెన. ఏడుంపావు దాటాక సూర్యుడు దిగిపోయాడు. అందంగా ఉందని బుద్ధికి తెలుస్తోంది గానీ మనసు పలకలేదు. అంత అలసటలో మనసు పలకాలని ఆశించడమే తప్పని ఇప్పుడు అనుకుంటాను. ఎనిమిదిన్నరకు వెళ్ళి పడుకున్నాను.

మూడింటికి మెలకువ వచ్చేసింది. అమ్మకు అక్కడ ఏడున్నర, ఆవిడ లేచే వేళే. నా ఒళ్ళు ఇంకా ఆ గడియారాన్నే నమ్ముకుని ఉంది. మన కణాల్లో ఈ గడియారం నడిపే జన్యువుల పని కనిపెట్టినందుకు 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. అది రోజుకు సుమారు గంట చొప్పున కొత్త ఊరికి సర్దుకుంటుందని లెక్క. నాలుగున్నర గంటల తేడాకి నాలుగైదు రోజులు. నా విషయంలో సరిగ్గా ఐదు పట్టింది. మొదటి వారంలోనే అక్టోబరు 5న సెలవు రావడం నా అదృష్టం. 1910లో రాజరికం పోయి పోర్చుగల్ రిపబ్లిక్ అయిన రోజు అది. ఆ పొద్దుటే మొదటిసారి ఆరున్నర దాకా నిద్రపోయాను.

ఆ తెల్లవారుజాముల్లో చీకట్లో పడుకుని మాటలు లెక్కపెట్టుకునేదాన్ని. తువ్వాలు, అల్మారా, బొత్తాం. మేస్త్రీ కూడా వీళ్ళ మెష్త్ర్. పీపా, పాదిరి. స్కూల్లో వ్యాకరణం టీచర్ తత్సమం, తద్భవం, దేశ్యం తర్వాత అన్యదేశ్యం అని చెప్పి, పోర్చుగీసు మాటల వరుస రాయించారు. పరీక్ష కోసం బట్టీ పట్టాను తప్ప, ఆ మాటలకు సొంత ఇల్లు ఒకటుందనీ, అక్కడ ఒక ముసలమ్మ వాటిని రోజూ వాడుకుంటుందనీ ఏనాడూ తోచలేదు. 1497 జూలైలో వాస్కో డ గామా ఓడలు ఈ నది నుంచే కదిలాయి, మరుసటి మే నెలలో కోళికోడ్ చేరాయి. ఆ తర్వాత వెళ్ళిన ఓడలు ఫిరంగులను తీసుకెళ్ళాయి, ఊళ్ళు తగలబెట్టాయి, అది మరిచిపోకూడని చరిత్ర. అవే ఓడల్లో ఈ చిన్న చిన్న ఇంటి మాటలు కూడా వెళ్ళి, మన ఇళ్ళలో దండేల మీద, చొక్కాల మీద స్థిరపడిపోయాయి.

మార్తిం మొనీజ్ పక్కన బెంఫొర్మోజు అనే సన్నటి వీధి ఉంది. బంగ్లాదేశ్ వాళ్ళ దుకాణాలు ఎక్కువ. సోమవారం పొద్దున అడాప్టర్ కోసం అక్కడికే వెళ్ళాను. దుకాణం అబ్బాయి వచ్చి ఆరేళ్ళయిందట. నా మొహం చూసి, "ఇప్పుడే దిగారా దీదీ?" అని హిందీలో అడిగి స్టూలు వేశాడు. నేను తువ్వాలు సంగతి చెప్తే ఉత్సాహం వచ్చేసింది. "మా భాషలో కిటికీని జానాలా అంటాం, వీళ్ళు జనేలా అంటారు. మొదటి రోజు అది విని నేను ఎంత సంతోషపడ్డానో" అన్నాడు. బుట్టలో ఉన్న పండు చూపించి ఇద్దరం ఒకేసారి పలికాం, అతను "అనారష్", నేను "అనాస". పక్కనే కూరగాయలు ఏరుకుంటున్న పెద్దాయన తలెత్తి "అననాష్" అని మమ్మల్ని దిద్దాడు. నిజానికి ఆ మాట ఈయనదీ కాదు. దక్షిణ అమెరికాలో తుపీ జనం దగ్గర పండుతో పాటు అరువు తెచ్చుకున్నదే.

ఎక్కువ రోజులు ఉండేవాళ్ళకు ఒక్క మాట. నేను వెళ్ళినప్పుడు, 2023లో, లిస్బన్‌లో 30 యూరోలకు నెల పాస్ ఇచ్చేవారు, ఊళ్ళో మెట్రో, బస్సు, ట్రామ్ అన్నిట్లో చెల్లేది. కానీ అది ఒకటో తేదీ నుంచి నెలాఖరు వరకే, కొన్న రోజు నుంచి ముప్పై రోజులు కాదు. నెల మొదట్లో దిగితే లాభం. పాస్ చేతికొచ్చాక ఊరు నాకు దగ్గరైంది. తప్పు బస్సు ఎక్కినా బాధ ఉండదు, దిగి ఇంకోటి ఎక్కొచ్చు.

మొదటి శనివారం జాతీయ టైల్స్ మ్యూజియానికి వెళ్ళాను, 1509లో రాణి లియొనోర్ కట్టించిన సన్యాసినుల మఠంలో ఉందది. పైఅంతస్తులో సుమారు 23 మీటర్ల పొడవున నీలం తెలుపు టైల్స్ మీద లిస్బన్ నగరం మొత్తం గీసి ఉంది. 1700 ప్రాంతంలోది. 1755 నవంబరు 1 పొద్దున భూకంపం, ఆ వెంటనే సముద్రం, మంటలు ఊరిని ఊడ్చేయక ముందు ఇళ్ళు ఎలా ఉండేవో అందులో కనబడుతుంది. ఆ గోడ ముందు గంటన్నర ఉన్నాను. ఎవరూ తొందర పెట్టలేదు, నాకూ తొందర లేదు. ఇంకా తొమ్మిది వారాలు చేతిలో ఉన్నాయి.

అంతకుముందే, బుధవారం సాయంత్రం, పెట్టె వచ్చింది. తీసుకొచ్చిన మనిషి మూడంతస్తులు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి ఆయాసపడుతూ నిలబడ్డాడు. మంచినీళ్ళిచ్చాను. పెట్టె తెరిస్తే అన్నిటికంటే పైన నా తువ్వాలే ఉంది, అమ్మ మడత పెట్టింది.

ఆవిడ తెల్ల తువ్వాలు ఉతికి, ఆరేసి, ఆదివారం కిందికి తీసుకెళ్ళాను. తలుపు తీయగానే రెండు చేతులతో అందించి, "తువాల్యా" అన్నాను. తర్వాత నా గుండెల మీద చెయ్యి వేసుకుని "తువ్వాలు" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. తువాల్యా అని ఆవిడ వైపు చూపించి, తువ్వాలు అని నా వైపు. అప్పుడు కళ్ళు పెద్దవి చేసి, "తు... వాలు?" అన్నారు. ఒత్తు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించారు, పెదాలు గట్టిగా నొక్కి, "తువ్వాలు." లోపలికి తిరిగి ఎవరినో కేకేసి అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పారు. తర్వాత ఆ తువ్వాలు తీసుకెళ్ళి నా భుజం మీదే వేసి, మెట్ల లైటు బుతావ్ నొక్కారు.