రెండో సెట్టు ఎవరి చేతిలో?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా పర్లాకిమిడిలో ముందు కరెంటు పోయింది, వెనకే ఫోన్లూ పోయాయి. మా అప్పది కాశీనగర్. వంశధార పొంగిందని ఎవరో అన్నారు. మూడో రోజు బావ బండేసుకుని వచ్చి "బాగానే ఉన్నాం" అనేదాకా అమ్మ సరిగ్గా అన్నం తినలేదు.

మొదట చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ బిగించి, మా పేటకి తుపాను కబుర్లు చెబుదామనుకున్నా. రేడియోలు బాగుచేసే తాతగారు మందలించారు: "పేటంతా వినబడిందంటే సెట్టూ పోతుంది, కేసూ పడుతుంది నాయనా." కమ్యూనిటీ రేడియో అనుమతి సంస్థలకే ఇస్తారు. ఇక మిగిలింది హామ్ రేడియో. అందులో ప్రసారాలు, పాటలు కుదరవు. లైసెన్సున్న మరొకరితో మాట్లాడుకోవడమే. ఈ చివరి ముక్క అప్పుడు నా బుర్రకెక్కలేదు.

హామ్ లైసెన్సులో జనరల్ గ్రేడుకి మోర్స్, అంటే చుక్కలూ గీతలతో కబురంపే కోడ్, నిమిషానికి 8 మాటల చొప్పున రావాలి. రెండు వారాలు రాత్రిళ్లు టిక్కుటిక్కుమనిపించా. ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. దాంతో మోర్స్ అక్కర్లేని రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి దిగాను. ఎలక్ట్రానిక్స్ నాకు ఇష్టంగానే సాగింది. రూల్సు మాత్రం బట్టీ పట్టాల్సిందే. రేడియోలో వాడే కోడ్ మాటలూ అంతే: క్యూటీహెచ్ అంటే ఉన్న చోటు, క్యూఆర్‌ఎమ్ అంటే ఇతర స్టేషన్ల గోల. ఇలా బోలెడు.

పలాస వెళ్లి రైలెక్కి, భువనేశ్వర్‌లో పరీక్ష రాసొచ్చాను. పరీక్ష గంటలో అయిపోయింది, ఎదురుచూపు నెలలు పట్టింది. విచారణకొచ్చిన కానిస్టేబుల్ టీ తాగుతూ, "ఈ కొండల్లో నీకు వైర్‌లెస్ దేనికి?" అన్నాడు. అడగాల్సిన మాటే మరి. తిత్లీ సంగతి చెప్తే తలూపి రాసుకున్నాడు. చివరికి ఇరవై ఏళ్లకి వెయ్యి రూపాయలు కట్టాక వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో నా గుర్తింపు పేరు, వచ్చింది.

5 వాట్ల చేతిసెట్టు కొన్నాను. దానితో వచ్చిన పొట్టి యాంటెన్నా పనికిరాదు. 145 మెగాహెర్ట్జ్‌కి తరంగం పొడవు సుమారు 2 మీటర్లు, అందులో పావు వంతు అరమీటరు. ఆ లెక్కన రాగితీగ కత్తిరించి, పీవీసీ గొట్టానికి కట్టి డాబా మీద నిలబెట్టాను. ఈ తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా పోతాయి, కొండ అడ్డొస్తే అంతే. అందుకే మహేంద్రగిరి వైపు ఒట్టి గరగర, దక్షిణం వైపు శ్రీకాకుళం మైదానం నుంచి ఒకాయన గొంతు స్పష్టంగా వచ్చింది. ఆనందం పట్టలేక నా కాల్‌సైనే తప్పు చెప్పాను.

సంబరంగా అప్ప కోసం రెండో సెట్టు కొనబోతే తాతగారు నవ్వారు. "ఆవిడకి లైసెన్సుందా?"

అప్పకి ఆ ఇంగ్లీషు పరీక్ష పేపరంటే భయం. పన్నెండేళ్లు నిండితే ఎవరైనా రాయొచ్చు, మేనల్లుడికి పదమూడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ చేసి వాడికి కరెంటు లెక్కల్లోని ఓమ్ సూత్రం చెబుతున్నా. నిన్న మధ్యలో సిగ్నల్ పోయింది.