రెండు జబ్బులకు ఒకే మందుల చీటీ

విశాఖపట్నంలో నన్ను మొదట చేర్చిన డీఅడిక్షన్ కేంద్రంలో తాగుడుకు మాత్రమే వైద్యం చేశారు. ఆ తరువాత దిగులు భరించలేక వెళ్లిన మరో చోట దిగులుకు మాత్రమే మందు రాశారు. ఆ మాత్ర వాడిన కొద్ది వారాలకే నిద్రతో పనిలేని హుషారు పుట్టుకొచ్చింది. అప్పు చేసి ఒక స్థలానికి బయానా ఇచ్చాను, ఆ ఉరవడి తట్టుకోలేక మళ్లీ సీసా పట్టాను. బైపోలార్ (దిగులు దశ, అతి హుషారుండే ఉన్మాద దశ మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవారికి డిప్రెషన్ మాత్రను ఒంటరిగా ఇస్తే ఉన్మాద దశ తలెత్తే ప్రమాదం ఉంటుందని అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అసలు సంగతి తేల్చిన వైద్యురాలు ఎంత తాగుతారని కాక, "బొత్తిగా తాగని రోజుల్లో మీరు ఎలా ఉండేవారు?" అని అడిగారు. జవాబు నా భార్య చెప్పింది. ఏటా అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు మండలం పాటు, అంటే 41 రోజులు, నేను చుక్క ముట్టేవాణ్ణి కాదు. ఒక ఏడాది ఆ దీక్షలోనే తెల్లవార్లూ భజనలు చేస్తూ, రెండు మూడు గంటలకు మించి పడుకోకుండా, మా పీఠంలోని స్వాములందరి శబరిమల ఖర్చు నాదేనని ప్రకటించి ఇంట్లోని బంగారం తాకట్టు పెట్టాను. చూసినవారందరూ అది భక్తి అనుకున్నారు. మద్యం వల్ల కలిగే దిగులైతే మానిన తరువాత సుమారు నెలలోపు చాలావరకు తగ్గుతుందని, మద్యం లేని రోజుల్లోనే ఇంత హుషారు వచ్చిందంటే మూడ్‌కు సంబంధించిన జబ్బు, అంటే బైపోలార్, విడిగా ఉన్నట్టేనని ఆమె వివరించారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాల వేసిన మొదటి రోజుల్లో వచ్చే వణుకును, చెమటలను స్వామి పెట్టే పరీక్షగా భావించేవారు మాలో చాలామంది ఉన్నారు. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతిభ్రమ కలిగి ప్రాణం మీదికీ రావచ్చు. అటువంటివారు మాలకు ముందే వైద్యుణ్ణి కలవడం అవసరం.

ఆసుపత్రిలో నర్సు కొన్ని గంటలకొకసారి వచ్చి, చేతులు చాచి వేళ్లు విడదీయమని చెప్పి, వణుకును కాసేపు చూసి చార్టులో అంకె వేసేది. ఆ అంకెను బట్టి, తాగుడు ఆపినప్పటి వణుకును అదుపు చేసే క్లోర్‌డయాజిపాక్సైడ్ మోతాదును తగ్గిస్తూ వచ్చారు. గ్లూకోజ్ ఎక్కించే ముందే థయామిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఆ విటమిన్ లోపించినవారికి గ్లూకోజ్ ముందు పడితే మెదడు దెబ్బతినవచ్చు కాబట్టి.

కాలేయ పరీక్షలు బాగాలేనందున మూడ్‌ను నిలకడగా ఉంచే మందుల్లో వాల్‌ప్రొయేట్ వద్దనుకుని లిథియం మొదలుపెట్టారు. మా బంధువు ఒకరు అన్నంలో తెలియకుండా కలపమని సూచించిన డైసల్ఫిరామ్‌ను (తాగితే ఒళ్లు తిరగబడేలా చేసే మందు) వైద్యురాలు గట్టిగా కాదన్నారు: అది ఒంట్లో ఉందని తెలియని మనిషి తాగితే ప్రాణాపాయం. తాగాలన్న తపనకు అకాంప్రొసేట్ ఇచ్చారు. అదీ లిథియమూ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి కనుక, రెండింటినీ ఒకే వైద్యురాలు, ఒకే చీటీ మీద చూడడం నాకు కలిసివచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్య దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక వ్యాధి నిర్వచనంలోనే చేర్చింది. అయినా రోగిని ఈ గది నుంచి ఆ గదికి తిప్పే అలవాటు ఇంకా పోలేదు.

లిథియంతో బతకడం ప్రధానంగా ఉప్పు, నీళ్ల సంగతి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇస్తాను, అందులో లిథియం స్థాయి నాకు లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉండాలన్నారు. మా సముద్రపు ఉక్కలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే ఆ అంకె పెరుగుతుంది. మా అమ్మకు బీపీ అని కూరల్లో ఉప్పు హఠాత్తుగా తగ్గించినా పెరుగుతుంది. అందుకే నా కూర విడిగా తీస్తారు. ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్ నిషిద్ధం, పారాసెటమాల్ ఫరవాలేదు.

తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు ఇప్పటికీ వెళుతున్నాను. ఒక సభ్యుడు మాత్రలు కూడా వ్యసనమేనని, వాటినీ వదిలితేనే పూర్తిగా మానినట్టని అన్నాడు. వైద్యుడి పాత్ర సభ్యులు పోషించరాదన్నదే ఆ సంస్థ వైఖరి అని పాత సభ్యుడొకరు అక్కడికక్కడే సరిదిద్దారు.

నా నిద్ర గంటలను నా భార్య క్యాలెండర్ మీద రాస్తుంది. వరుసగా రెండు రాత్రులు అవి నాలుగుకు తగ్గితే, నేను బాగానే ఉన్నానని ఎంత వాదించినా, ఏటీఎం కార్డు ఆమె తీసుకుని డాక్టరుకు ఫోన్ చేయవచ్చునని, కుదురుగా ఉన్నప్పుడే రాసి సంతకం పెట్టాను. గత వేసవిలో ఆ కాగితంతో పని పడింది. నేను అర్ధరాత్రి దాకా వాదించాను. ఆమె తెల్లవారగానే ఫోన్ చేసింది. రక్తపరీక్ష చేసి మోతాదు మార్చారు.