ఫిడేలుకూ పెట్టెకూ పడదు

ప్రతి శనివారం మా వీధి రామాలయంలో భజన. నాది ఫిడేలు, చిన్నాయనది హార్మోనియం పెట్టె. ఏళ్ల తరబడి మా ఇద్దరిదీ ఒకటే పంచాయితీ. ఆనందభైరవి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, ఊగాలి. నా వేలు తీగ మీద కాస్త కదిలితే చాలు, ఊగుతుంది. ఆయన మెట్టు నొక్కితే స్వరం గుంజ పాతినట్టు నిలబడుతుంది. రెండూ కలిసి వినబడితే పంటి కింద రాయే. "నా పెట్టెకు మెట్లున్నయ్ రా, జారితే పడ్త. నువ్వే సర్దుకో" అంటాడు.

అందుకే మోరిస్ రావెల్ అనే స్వరకర్త వయొలిన్ సొనాటా, అంటే వయొలిన్‌కూ పియానోకూ కలిపి రాసిన సంగీతం, గురించి చదివినప్పుడు నవ్వొచ్చింది. పియానో, వయొలిన్ అసలు పొసగని వాయిద్యాలని ఆ ఫ్రాన్స్ పెద్దమనిషి నమ్మకం. నమ్ముతూనే 1923 నుంచి 1927 దాకా తంటాలు పడి ఆ రెండింటికే రాశాడు. రాజీ కుదర్చడానికి కాదు, ఆ పొసగకపోవడాన్నే వినిపించడానికి. 1927 మే 30న పారిస్‌లో మొదటి కచేరీ. వయొలిన్ జార్జ్ ఎనెస్కూ, పియానో రావెలే.

మూడు భాగాలుంటాయి. మొదటిది నాకింకా పట్టుబడలేదు. రెండోదాని పేరు 'బ్లూస్', అమెరికా నల్లజాతి వాళ్ల పాటల బాణీ.

మొన్న పాలమూరులో కరెంటు పోయిన సాయంత్రం, ఫోన్‌ను ఇత్తడి చెంబులో నిలబెట్టి ఆ రెండో భాగం చిన్నాయనకు వినిపించాను. మొదట వయొలిన్ ఒక్కటే. కమాను లేదు, వేలితో తీగలు మీటుడే. చిన్నాయన చెంబు దగ్గరికి జరిగాడు. "గిది కిన్నెర గద!" అమెరికా తీగవాద్యం బాంజోలా ఉంటుందని పుస్తకాల వాళ్లంటారు గానీ, 12 మెట్ల కిన్నెరకు మొగిలయ్య పద్మశ్రీ తెచ్చిన జిల్లాల వాళ్లం, మాకు కిన్నెరే వినబడుతుంది.

పియానో అందుకోగానే ఆయన మొహం ముడుచుకుంది. "శ్రుతి తప్పిండు."

తప్పలేదు. వయొలిన్ జి మేజర్‌లో ఉంటే పియానో ఏ ఫ్లాట్ మేజర్‌లో మొదలవుతుంది. ఒకరి సా కంటే ఇంకొకరి సా అరమెట్టు పైన. రావెల్ కావాలనే అట్లా రాశాడు. ఆ తర్వాత వయొలిన్ కమాను పట్టి పాట ఎత్తుకుంటుంది, స్వరం నుంచి స్వరానికి జారుతూ. మన జారు లాంటిదే, కాకపోతే ఎక్కడ జారాలో ఆయన కాగితం మీద గీత గీసి మరీ చూపించాడు. పియానో తన మెట్ల మీద తను టకటకా నడుస్తుంటుంది. ఎవరూ ఎవరికోసం సర్దుకోరు.

మూడో భాగంలో వయొలిన్ ఒకసారి పరుగందుకుందంటే చివరిదాకా ఆగదు. చిన్నాయన వేళ్లు మోకాలి మీద కొట్టుకుంటున్నాయి. "వీడు ఊపిరన్న తీస్తడా?" అన్నాడు.

పోయిన శనివారం కీర్తనకు ముందు పెట్టె మీద సా ఒక్కటే పట్టి, నా వైపు చూసి "ఊఁ, కానియ్యి" అన్నాడు. రెండు నిమిషాలు గాంధారాన్ని ఇష్టమొచ్చినట్టు ఊపుకున్నాను. పల్లవి అందుకోగానే మళ్లీ మామూలే, నన్ను తొక్కుకుంటూ పోయాడు.