బోరాన్ దగ్గర, ఆక్సిజన్ దగ్గర

శనివారం రాత్రి.

మధ్యాహ్నం కరెంటు లేదు. అయినా బ్రాడీపేట క్లాసు ఆపలేదు, కిటికీలు తెరిచి ఇంటర్ ఫస్టియర్ పిల్లలకి అయనీకరణ శక్తి చెప్పాను. వాయుస్థితిలో విడిగా ఉన్న పరమాణువు నుంచి అన్నిటికన్నా వదులుగా ఉన్న ఎలక్ట్రాన్‌ని లాగేయడానికి ఎంత శక్తి కావాలన్నదే విషయం. ఆవర్తన పట్టికలో పీరియడ్‌లో, అంటే అడ్డు వరసలో, కుడివైపుకి పెరుగుతుందని, గ్రూపులో, అంటే నిలువు వరసలో, కిందికి తగ్గుతుందని అందరికీ వచ్చు.

రెండో పీరియడ్ విలువలు బోర్డు మీద రాశాను, మోల్‌కి కిలోజౌళ్లలో. లిథియం 520, బెరీలియం 899, బోరాన్ 801, కార్బన్ 1086, నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314, ఫ్లోరిన్ 1681, నియాన్ 2081. వెనక బెంచీలో అమ్మాయి, "సార్, మధ్యలో రెండుచోట్ల తగ్గిందేంటి?" అంది. "అవి ఎక్సెప్షన్లు, గుర్తుపెట్టుకోవడమే" అన్నాడు ముందు వరసలో ఒకడు.

ఆ మాటకి మనసు చివుక్కుమంది. ఈ పాఠంలో అందమంతా అక్కడే ఉంది. బోరాన్‌లో కేంద్రక ఆవేశం ఒకటి పెరిగిన మాట నిజమే. కానీ కొత్త ఎలక్ట్రాన్, రెండో కక్ష్యలోని 2ఎస్, 2పి అనే రెండు ఉపస్థాయిల్లో, 2పిలో చేరింది. 2ఎస్‌లో ఉన్నంతగా అది కేంద్రకం దగ్గరికి చొచ్చుకుపోలేదు, పైగా 2ఎస్ జంట దానికి కొంత అడ్డు. అందుకే తేలిగ్గా ఊడొస్తుంది. ఆక్సిజన్ సంగతి వేరు. నైట్రోజన్‌లో మూడు 2పి ఆర్బిటాళ్లలో, అంటే ఎలక్ట్రాన్లు ఉండే చోట్లలో, తలా ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది. నాలుగోది వస్తే ఖాళీ ఏదీ? ఉన్నవాటిలో ఒకదానితో జంట కట్టాల్సిందే. రెండూ ఒకే ఆర్బిటాల్‌లో ఉంటే వికర్షణ ఎక్కువ, అందుకే ఒకటి తేలిగ్గా ఊడొస్తుంది. "సగం నిండితే స్థిరత్వం" అని రాస్తే మార్కులు పడతాయి, కాదనను. కానీ ఈ వికర్షణ గురించి చెప్పకుండా ఆ ఒక్క వాక్యం రాయించడం నాకు ఇష్టం లేదు.

తర్వాత సోడియం. మొదటి ఎలక్ట్రాన్‌కి 496 చాలు, రెండోదానికి 4562 కావాలి. బయటి కక్ష్య ఖాళీ అయ్యాక నియాన్ విన్యాసాన్నే, అంటే నియాన్‌లాంటి నిండు అమరికనే, కదపాలి మరి. "మెగ్నీషియంలో ఎక్కడ ఎగురుతుందమ్మా?" అని అడిగితే, ఆ వెనక బెంచీ అమ్మాయే, పుస్తకం చూడకుండా, "మూడోదాని దగ్గర సార్" అంది. 738, 1451, ఆపైన 7733 అని రాసి చూపించాను. ఎంత సంతోషం వేసిందో!

సోమవారం గాలియం చెప్పాలి. అల్యూమినియం కింద ఉండి కూడా దాని విలువ తగ్గలేదు: అల్యూమినియం 578, గాలియం 579. 3డి అనే ఉపస్థాయిలోని ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని సరిగా కప్పలేకపోవడం వల్లే అలా. ముందు డి ఆర్బిటాళ్ల బొమ్మలు గీయాలి, రంగు చాక్‌పీసులు తీసుకెళ్లాలి.