హ్యాండిల్ వదలకుండా గేరు మార్చాలంటే

నా మొదటి రోడ్ సైకిల్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత స్టీల్ బండి. గేర్ లివర్లు రెండూ ఫ్రేమ్ కింది గొట్టానికి ఉండేవి, అవీ క్లిక్కుల్లేని రకం. చైన్ గరగర ఆగేదాకా లివర్ని కొద్దికొద్దిగా జరుపుతూ చెవితో వెతుక్కోవాలి. చెవికి అలవాటైంది గానీ, విశాఖ నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో ఋషికొండ ఎత్తుపల్లాల దగ్గర ఒంటిచేత్తో బండి పట్టుకుని కిందికి వంగిన ప్రతిసారీ గుండె దడే.

1984లో జపాన్ సైకిల్ భాగాల కంపెనీ షిమానో, తన రేసింగ్ భాగాల సెట్ డ్యూరా-ఏస్‌లో క్లిక్కుకొక గేరు పద్ధతి తెచ్చింది, 1990లో గేర్లని బ్రేక్ లివర్లోకే ఎక్కించింది. నా లెక్కలో అసలు మార్పు ఈ రెండోదే. కుడి బ్రేక్ లివర్‌నే లోపలికి నెడితే వెనక పెద్ద పళ్ళ చక్రం (తేలిక గేరు) మీదికి, ఆ లివర్ వెనకున్న చిన్న లివర్ నొక్కితే చిన్నదాని (గట్టి గేరు) మీదికి చైన్ వెళ్తుంది. ఇటలీ కంపెనీ కాంపాగ్నోలో లివర్లలో బ్రేక్ లివర్ పక్కకి కదలదు, చిన్నదానికి దిగాలంటే లోపలివైపు బొటనవేలి మీట నొక్కాలి. వేళ్ళకి ఎక్కడా తికమక ఉండదు, కాకపోతే హ్యాండిల్ కింది వంపు పట్టుకున్నప్పుడు ఆ మీట సరిగ్గా అందదు. అమెరికా కంపెనీ స్రామ్ వాళ్ళ డబుల్‌ట్యాప్ పద్ధతిలో ఒక్కటే మీట: కొంచెం నొక్కితే గట్టి గేరు, బాగా లోపలికి నొక్కితే తేలిక గేరు. స్నేహితుడి బండి మీద ఎత్తు ఎక్కుతూ, ఇప్పటికే ఆఖరి తేలిక గేరులో ఉన్నానని మర్చిపోయి మళ్ళీ నొక్కితే, తేలికయ్యేది పోయి గేరు ఒక్కసారిగా గట్టిపడింది, కాళ్ళు బిగుసుకుపోయాయి.

అయినా బ్రేక్‌తో కలిసిన లివరే కొనండి అంటాను. ఎన్ని గేర్లున్నాయన్నది తర్వాతి మాట, గుంతలూ అడ్డొచ్చే కుక్కలూ ఉన్న మన రోడ్ల మీద రెండు చేతులూ బ్రేకుల మీదే ఉండాలి. హ్యాండిల్ చివర్న పెట్టే లివర్లు కూడా మంచివే, దూరాలు తిరిగేవాళ్ళకి రిపేరు సులువు.

కలిసిన లివర్లో ఇబ్బంది గేర్ కేబుల్‌తోనే. లోపల మలుపు దగ్గర ఒక్కో తీగా తెగుతుంది, బయటికి కనపడదు. నాది భీమిలిలో పుటుక్కుమంది. వెనక చైన్ అన్నిటికన్నా చిన్న పళ్ళ చక్రం మీద పడిపోయింది, అదే గట్టి గేరులో ఇంటిదాకా తొక్కుకొచ్చాను, మధ్యలో రెండు ఎత్తులు నడిచి మరీ. ఇప్పుడు దూరం వెళ్ళే ముందు రోజు రాత్రి ఆ చిన్న చక్రం మీదికి చైన్ దింపి, లివర్ మీది రబ్బరు తొడుగు మడిచి, టార్చి వేసి కేబుల్ తల చూస్తాను. ఒక్క తీగ లేచి కనిపించినా కొత్తది వేశాకే బయల్దేరతాను.