హల్మొని గోడ మీది పటం

సియోల్‌లో శాశ్వత నివాస అనుమతి కోసం సామాజిక సమైక్య కార్యక్రమంలో చేరాను. సున్నా నుంచి ఐదు వరకు దశలుంటాయి. మొదట వందల గంటల భాషా పాఠాలు, ఐదో దశలో కొరియా చరిత్ర, చట్టాలు, సమాజం. చివర రాత పరీక్ష, మౌఖిక పరీక్ష. నూటికి 60 రావాలి. పని నుంచి వచ్చి రాత్రిళ్లు చదివాను. వ్యాకరణం ఎలాగో పట్టుబడింది. నన్ను నిలబెట్టేసింది ‘హాన్ నది అద్భుతం’ అనే పాఠం, అంటే పేద దేశంగా ఉన్న దక్షిణ కొరియా వేగంగా ఎదిగిన కథ.

మాది పెనుకొండ ప్రాంతం. కియా కర్మాగారం వచ్చినప్పుడు, గట్టి మనిషి ఒకరు పాలిస్తే దేశం ఇలా ఎదుగుతుందని మా ఊళ్లో చాలామంది అనేవారు. నేనూ నమ్మాను. అందుకే జవాబు సులభంగా రాసుకున్నాను: 1961 మే 16న సైనిక తిరుగుబాటుతో సైన్యాధికారి పార్క్ చుంగ్ హీ అధికారానికి వచ్చారు, తర్వాత అధ్యక్షుడయ్యారు, 1970లో సియోల్–బూసాన్ రహదారి పూర్తయింది, 1973లో పోహాంగ్ ఉక్కు కర్మాగారం మొదలైంది.

మేము అద్దెకుండే ఇంటి హల్మొనికి, అంటే అవ్వగారికి, అది చదివి వినిపించాను. ఆమె గోడ మీద పార్క్ దంపతుల పటం ఉంది. సంతోషిస్తారనుకున్నాను. “చొంగ్యెచొన్ వంతెన మీద చొన్ థేఇల్ విగ్రహం చూశావా?” అని అడిగారు.

ఆమె పద్నాలుగేళ్లకే అక్కడి ప్యొంగ్హ్వా మార్కెట్లో కుట్టుపని సహాయకురాలిగా చేరారట. నిటారుగా నిలబడే వీలు లేని అటకలు, బట్టల దుమ్ము, రోజుకు పద్నాలుగు గంటల పని. చొన్ థేఇల్ అక్కడ దర్జీ. తన బస్సు డబ్బులతో ఆకలిగొన్న ఆడపిల్లలకు రొట్టెలు కొనిచ్చి, తాను నడిచి ఇల్లు చేరేవాడు. కార్మిక చట్టాన్ని అమలు చేయమని అడిగి అడిగి, 1970 నవంబరు 13న “మేము యంత్రాలం కాము” అంటూ నిప్పంటించుకున్నాడు. అప్పటికి 22 ఏళ్లు.

“మరి ఈ పటం?” అన్నాను. పొరిత్‌కొగె అనే మాట చెప్పారు. బార్లీ కనుమ అని అర్థం. పాత బియ్యం అయిపోయి, కొత్త బార్లీ ఇంకా పండని వసంతపు ఆకలి రోజులు. ఆ కనుమ దాటించింది పార్కే అని ఆమె గట్టి నమ్మకం. ఇప్పటికీ బార్లీ అన్నం ముట్టరు.

కూతురు అలా అనుకోదు. 1987లో ప్రజాస్వామ్యం కోసం విద్యార్థిగా వీధుల్లోకి వచ్చిన మనిషి. భోజనాల బల్ల దగ్గర పటానికి వీపు పెట్టి కూర్చుంటుంది. నన్ను సొదేమున్ జైలు మ్యూజియానికి తీసుకెళ్లింది. పార్క్ పాలనలో, 1975 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు తీర్పు రాగా, ప్రభుత్వాన్ని కూల్చే కుట్ర చేశారంటూ మరునాడు తెల్లవారుజామునే ఎనిమిది మందిని ఉరితీసిన చోటు అది. 2007లో పునర్విచారణ జరిగి, వాళ్లు నిర్దోషులని తేలింది. ఉరికంబం గది చాలా చిన్నది. ఉక్కు కర్మాగారానికీ ఈ గదికీ ఏ సంబంధం ఉందో నాకు ఎంత ఆలోచించినా తోచలేదు. ఆ ఉరులు లేకపోతే ఆ రహదారి పడేది కాదని ఎవరైనా అంటే ఇక ఒప్పుకోలేను.

కొరియన్లు దీనికి ‘కొంగ్‌గ్వా’ అంటారు, ఘనత, తప్పు రెండూ కలిపిన ఒకే మాట. ఏది ఎంత అన్న దగ్గరే ఆ తల్లీకూతుళ్లు విడిపోతారు.

జవాబు నాలుగుసార్లు తిరగరాశాను. మౌఖిక పరీక్షలో దేశం ఎలా ఎదిగిందని అడిగినప్పుడు మొదట కుట్టుపని అమ్మాయిల గురించి చెప్పాను, తర్వాత రహదారి, తర్వాత ఆ ఎనిమిది మంది. గొంతు వణికింది, రెండు క్రియలు తప్పాను. 71 మార్కులు వచ్చాయి. వచ్చే నెల దరఖాస్తు పెడతాను.