గురి ఎడమ బొటనవేలిలో ఉంది

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మా తమ్ముడు డాలస్ నుంచి లైన్లోకి వస్తాడు. ఎండాకాలంలో అయితే అప్పుడు వాడికి పొద్దున పదకొండు. ఇద్దరం కలిసి ఏపెక్స్ లెజెండ్స్ అనే తుపాకుల వీడియో గేమ్ ఆడతాం. రెండేళ్లుగా మేం తీరిగ్గా మాట్లాడుకునేది ఆ వేళలోనే. అమ్మ మోకాళ్ల నొప్పి, వాడి వీసా, ఆటలో గోడ అవతల ఎవరివో అడుగుల చప్పుడు, అన్నీ ఒకే మాటల్లో కలిసి నడుస్తాయి.

నేను ఆడేది కంట్రోలర్‌తో. ఎడమ బొటనవేలి కింది స్టిక్‌తో నడక, కుడి బొటనవేలి కింది స్టిక్‌తో చూపు. మొదటి ఏడాదంతా నాకు గురి కుదరలేదు. ఎదురుగా ఎవరైనా వచ్చారంటే చాలు, టెన్షన్‌తో కుడి బొటనవేలు బిగుసుకుపోయేది. క్రాస్‌హెయిర్, అంటే తెర మధ్యలోని గురి గుర్తు, మనిషిని దాటి అవతలికి పోయేది. వెనక్కి లాగితే ఇవతలికి దాటేది. ఆలోపు తుపాకీలో తూటాలు ఖాళీ. ఒక రాత్రి తమ్ముడు నా ఆట చూస్తూ, "అక్కా, ఆ కుడి వేలు కాసేపు వదిలెయ్. నడుస్తూ గురి పెట్టు" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు వారం పట్టింది. మౌస్‌ని ఎంత దూరం జరిపితే చూపు అంత దూరం జరిగి ఆగుతుంది. జాయ్‌స్టిక్ అలా కాదు. స్టిక్‌ని ఎంత వంచితే చూపు అంత వేగంగా తిరుగుతుంది, మళ్లీ మధ్యకి తెచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది. అంటే ఎప్పుడు ఆపాలో కూడా వేలికే తెలియాలి. భయంలో ఉన్న వేలికి అది తెలియదు. ఎడమ స్టిక్ సంగతి వేరు. దాన్ని ఎంత గట్టిగా వంచినా మన పాత్ర తన నడక వేగాన్ని దాటదు. శత్రువు కుడికి జరిగితే నేనూ కుడికి జరుగుతాను. ఇద్దరం ఒకే పక్కకి నడుస్తుంటే క్రాస్‌హెయిర్ దాదాపు వాడి మీదే ఉంటుంది. మిగిలిన కాస్త తేడాకి కుడి వేలిని చిన్నగా కదిపితే సరిపోతుంది.

అందుకని రోజూ ఆటకి ముందు పావుగంట ఫైరింగ్ రేంజ్‌లో, అంటే ఆటలోనే ఉండే సాధన మైదానంలో గడిపాను. కుడి బొటనవేలిని స్టిక్ మీంచి పూర్తిగా తీసేసి, బొమ్మ ముందు నిలబడి, అటూ ఇటూ నడుస్తూ కాల్చడం, అంతే. మొదటి మూడు రోజులు చిరాకు పుట్టింది. తర్వాత ఎడమ చేయి లెక్క పట్టుకుంది. ఆ పైన బొమ్మలు కదిలేలా సెట్టింగ్ మార్చి, కుడి వేలిని మళ్లీ మెల్లగా కలుపుకున్నాను. ఎవరైనా ఒక్క సాధనే చెప్పమంటే ఇదే చెప్తాను.

రెండోది, పరిగెత్తేటప్పుడు నా చూపు నేల మీద ఉండేది. ఇప్పుడు తలుపు దగ్గరికి వస్తుంటేనే, మనిషి బయటికొస్తే ఛాతీ ఎక్కడుంటుందో ఆ ఎత్తున క్రాస్‌హెయిర్ పెట్టుకుని నడుస్తాను. శత్రువు తనే వచ్చి దాని ముందు నిలబడతాడు. సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

సెట్టింగుల గురించి అందరూ అడుగుతారు. ఈ ఆటలో సెన్సిటివిటీ, అంటే స్టిక్‌ని వంచితే చూపు ఎంత వేగంగా తిరగాలన్నది, 1 నుంచి 8 దాకా ఉంటుంది. నేను వేగం మీద మోజుతో 5 పెట్టుకున్నాను, 3కి దించాక మనసు కుదుటపడింది. స్టిక్ వంపుకీ చూపు వేగానికీ మధ్య లెక్కని రెస్పాన్స్ కర్వ్ అంటారు, దాన్ని క్లాసిక్ నుంచి లీనియర్‌కి మార్చాను. క్లాసిక్‌లో స్టిక్‌ని కొంచెం వంచితే చూపు బాగా నెమ్మదిగా కదిలి, అంచుకి వెళ్లేసరికి ఒక్కసారి వేగం పెరుగుతుంది. లీనియర్‌లో వేలు ఎంత వంచితే చూపు వేగం అంత. రెండు వారాలు జారుడు బండ మీద నిలబడినట్టు ఉంది. కానీ ఏది మార్చినా కనీసం రెండు వారాలు దాని జోలికి పోకండి. రోజుకో అంకె మారుస్తుంటే చేతికి ఏదీ అలవాటు కాదు.

ఈలోగా నా పాత కంట్రోలర్‌లో డ్రిఫ్ట్ మొదలైంది. వేలు పెట్టకపోయినా చూపు దానంతటదే పైకి పాకేది. డెడ్‌జోన్, అంటే స్టిక్ మధ్యలో కదిపినా ఆట లెక్కచేయని చోటు, పెంచితే పాకడం ఆగింది, కానీ మధ్యలో చిన్న కదలికలు కూడా చచ్చిపోయాయి. నాకు కావలసినవే అవి. మామూలు స్టిక్కుల లోపల భాగాలు ఒకదానితో ఒకటి రాసుకుని అరిగిపోతాయి. హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లో అయస్కాంతంతో కొలుస్తారు, ఆ కొలిచే చోట రాపిడి ఉండదు. అలాంటిది కొనుక్కున్నాక డెడ్‌జోన్ బాగా తగ్గించుకోగలిగాను. కంప్యూటర్‌ని టీవీకి తగిలించి ఆడేవాళ్లు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసుకోండి. వేలికీ తెరకీ మధ్య ఆలస్యం తగ్గుతుంది.

మా రాజమండ్రిలో మే నెల ఉక్కకి వేళ్లు చెమట పట్టి స్టిక్ జారుతుంది. పక్కన ఒక నూలు తువ్వాలు పెట్టుకుంటాను. మోచేతులు గాల్లో ఉంటే భుజం బిగుస్తుంది, ఆ బిగువు వేలిదాకా దిగుతుంది. ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీద చేతులు ఆన్చాక ఎంత తేడా వచ్చిందో చెప్పలేను.

దూరంగా పరిగెత్తేవాళ్లు మాత్రం ఇంకా నాకు దొరకడం లేదు. అంత దూరంలో నా నడక పెద్దగా పనికిరాదు, కుడి వేలే పని చేయాలి. మొన్న ఆదివారం ఆ సంగతి చెబితే తమ్ముడు, "సరే అక్కా, ఈ వారం దూరం బొమ్మలు" అన్నాడు. నిన్న రాత్రి రేంజ్‌లో పావుగంట బదులు అరగంట కూర్చున్నాను.